ఆటలో అమ్మాయి ఖరీదెంత?

తెర మీద పరుగెత్తేది అబ్బాయి. కోటలో బందీగా ఏడ్చేది అమ్మాయి. తుపాకీ పట్టినా ఒంటి మీద బట్ట తక్కువే. నలభై ఏళ్లుగా వీడియో గేములు చెబుతున్న కథ ఇది. ఆ కథను మన పిల్లలు రోజూ వేళ్లతో ఆడుతున్నారు. ఇంతకీ ఆ ఆటలో మన అమ్మాయి ఎక్కడుంది?

అది 2014 వేసవి. ఒంగోలు ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది! పన్నెండు దాటితే లాయర్‌పేట వీధుల్లో మనిషి కనిపించడు. మా అక్క కూతురికి అప్పుడు తొమ్మిదేళ్లు. వాళ్లమ్మ ఫోను లాక్కుని కూలర్ ముందు చేరింది. తెర మీద ఓ మనిషి పడుతూ లేస్తూ పరుగెడుతున్నాడు. వెనక కోతుల్లాంటి భూతాలు తరుముకొస్తున్నాయి. పిల్ల వేలితో ఇటో గీత, అటో గీత గీస్తుంటే అతను గోడలు దూకుతున్నాడు, మలుపులు తిరుగుతున్నాడు. పక్కనే చాప మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్న మా అమ్మ, అంటే దాని అమ్మమ్మ, కళ్లజోడు సవరించుకుని చూసింది.

''ఎవరే ఆ పిల్లోడు?''

''నేనే అమ్మమ్మా!''

''నువ్వా? నువ్వు ఆడపిల్లవి కదే!''

''ఆడపిల్ల కావాలంటే పదివేల నాణేలు కట్టాలి. నా దగ్గర అన్ని లేవు.''

అమ్మ పకపకా నవ్వింది. ''అయితే కట్నం అక్కడ కూడా ఉందన్నమాట'' అని మళ్లీ మిరపకాయల్లో పడింది. ఇంటిల్లిపాదీ నవ్వాం. ఆ తర్వాత మర్చిపోయాం.

మర్చిపోవాల్సిన మాట కాదని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది.

లెక్క తేల్చిన పన్నెండేళ్ల పిల్ల

ఆ ఆట పేరు టెంపుల్ రన్. 2011లో వచ్చింది. మన ఊళ్లలో టచ్ ఫోన్లు కొన్న కొత్తల్లో అది లేని ఫోను అరుదు. ఆట మొదలుపెట్టగానే మనకు దొరికే వీరుడు గై డేంజరస్. ఉచితం. స్కార్లెట్ ఫాక్స్ అనే అమ్మాయి కావాలంటే మాత్రం అప్పట్లో పరుగెత్తి పరుగెత్తి పదివేల నాణేలు కూడబెట్టాల్సి వచ్చేది. లేదంటే అసలు డబ్బు పెట్టి నాణేలు కొనాల్సి వచ్చేది.

మా ఇంట్లో నవ్వుకుని వదిలేసిన ఈ సంగతిని అమెరికాలో మరో పిల్ల వదల్లేదు. ఆమెకు పన్నెండేళ్లు. ఇలాంటి పరుగు ఆటల్లో బాగా పేరున్న 50 ఆటలను ఫోన్లోకి ఎక్కించుకుని, కాగితం పెన్సిలు తీసుకుని లెక్క కట్టింది. ఆడా మగా తేడా తెలిసే పాత్రలున్న ఆటల్లో 98 శాతం అబ్బాయి పాత్రను ఇస్తున్నాయి. అమ్మాయి పాత్ర ఉన్నవి 46 శాతమే. అబ్బాయిని ఉచితంగా ఇచ్చేవి 90 శాతం. అమ్మాయిని ఉచితంగా ఇచ్చేవి 15 శాతం. కొనాలంటే అమ్మాయి సగటు ధర ఏడున్నర డాలర్లు! ఓ ఆటలోనైతే దాదాపు 30 డాలర్లు. ఈ లెక్కలన్నీ ఆ పాప 2015 మార్చిలో 'వాషింగ్టన్ పోస్ట్' పత్రికలో వ్యాసంగా రాసింది.

ఫలితం వెంటనే కనిపించింది. టెంపుల్ రన్‌ను తయారుచేసింది ఓ భార్యాభర్తల జంట. వారిలో భార్య నటాలియా లక్యనోవా ఆ విమర్శ న్యాయమైనదేనని ఒప్పుకున్నారు. ఉచితంగా ఓ అమ్మాయి పాత్రను పెడతామన్నారు. ఆలోచించండి... ఆటను తయారుచేసిన ఇద్దరిలో ఒకరు స్త్రీ. అయినా ఆ తేడా వారి కంటికి ఆనలేదు. 'మామూలు మనిషి' అనగానే మగవాడే గుర్తుకురావడం అంతగా అలవాటైపోయింది మరి!

రాజకుమారి ఇక్కడ లేదు

ఆడాళ్ల ఆటలు, మగాళ్ల ఆటలు అన్న విభజన కంప్యూటరు పుట్టాక వచ్చింది కాదు. గచ్చకాయలు, వామనగుంటలు, తొక్కుడుబిళ్ల అమ్మాయిలవి. గోళీలు, బిళ్లంగోడు, చెడుగుడు అబ్బాయిలవి. ఒకటి అరుగు మీద, ఇంకొకటి బజారులో. అయితే ఓ తేడా ఉంది. వామనగుంటల్లో గింజలు పంచుతున్నప్పుడు ఆ పిల్ల తనే తను. ఇంకొకరి ఒంట్లో దూరక్కర్లేదు. వీడియో గేమ్ అలా కాదు. అందులో 'నేను' అనే బొమ్మ ఒకటి ఉంటుంది. ఆ బొమ్మ ఎవరన్నదే అసలు ప్రశ్న.

ఆ బొమ్మల చరిత్ర 1981లో వచ్చిన డాంకీ కాంగ్ నుంచి చూద్దాం. జపాన్ కంపెనీ నింటెండో తరఫున షిగెరు మియమొటో తయారుచేసిన ఆట అది. మొదట పొపాయ్ కార్టూన్ పాత్రలతో చేద్దామనుకున్నారు. హక్కులు దొరకలేదు. దాంతో బ్లూటో స్థానంలో గొరిల్లా, పొపాయ్ స్థానంలో వడ్రంగి, ఆలివ్ స్థానంలో గొరిల్లా ఎత్తుకుపోయిన ఓ యువతి వచ్చారు. ఆ వడ్రంగే తర్వాత మారియో అయ్యాడు. 1985లో సూపర్ మారియో బ్రదర్స్ వచ్చింది. టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి ఆడిన తరానికి ఈ ఆట గురించి చెప్పక్కర్లేదు. ఒక్కో కోటా దాటి, చచ్చీచెడీ చివరికి చేరితే రాజకుమారి ఇక్కడ లేదు, వేరే కోటలో ఉందని చెబుతారు. అలా ఏడుసార్లు! ఎనిమిదో కోటలోగానీ ఆమె దొరకదు. ఆట మొత్తంలో ఆ అమ్మాయి చేసే పనల్లా దొరకడమే.

ఆ రాజకుమారి పేరు పీచ్. ఆమెకూ ఓ రోజు వచ్చింది. 2005లో సూపర్ ప్రిన్సెస్ పీచ్ అనే ఆటలో ఆమే నాయిక. ఈసారి మారియోను ఆమె కాపాడాలి. బాగానే ఉంది. మరి ఆమె ఆయుధాలేమిటి? ఏడుపు, కోపం, సంతోషం, శాంతం! కన్నీళ్లు ధారగా కార్చి మంటలార్పుతుంది. కోపమొస్తే భగ్గుమంటుంది. మారియోకి కాళ్లలో బలం, పీచ్‌కి కళ్లలో నీళ్లు. మళ్లీ ఒంటరి నాయికగా పీచ్ పేరు మీద పెద్ద ఆట రావడానికి 2024 దాకా ఆగాల్సొచ్చింది. అందులో ఆమె కత్తి తిప్పుతుంది, కుంగ్‌ఫూ చేస్తుంది, నేరాల గుట్టు విప్పుతుంది.

అసలైన ఆశ్చర్యం మాత్రం 1986లోనే జరిగింది. మెట్రాయిడ్ అనే ఆటలో ఇనుప కవచం తొడుక్కున్న వీరుడొకడు గ్రహాంతర జీవులతో పోరాడతాడు. త్వరగా ఆట ముగించిన వాళ్లకి చివర్లో కవచం తీసి కనిపిస్తాడు. కాదు, కనిపిస్తుంది! ఆ యోధ పేరు సామస్ ఆరన్. రుద్రదేవుడన్న పేరుతో ఏలిన రుద్రమదేవి కథ తెలిసిన మనకు ఇది వింత కాదు. కాకపోతే అక్కడా ఓ మెలిక ఉంది. ఎంత త్వరగా ముగిస్తే ఆమె ఒంటి మీద అంత తక్కువ బట్టలు! చివరికి ఆ వీరవనిత కూడా గెలిచినవాడికి బహుమతే అయింది.

ఒకే ఏడాది... రెండు తలుపులు

1996. ఆ ఏడాది అమ్మాయిలకు ఒకేసారి రెండు తలుపులు తెరుచుకున్నాయి. ఒకటి టూంబ్ రైడర్. ఇంగ్లండ్‌లోని డెర్బీ పట్నంలో కోర్ డిజైన్ అనే సంస్థ చేసింది. నాయిక లారా క్రాఫ్ట్. పురావస్తు నిపుణురాలు, ధైర్యవంతురాలు, ఎవరి మీదా ఆధారపడదు. 1998లో వచ్చిన మూడో భాగంలో ఆమె సాహసం మన దేశపు అడవుల్లోనే మొదలవుతుంది. ఇంతవరకు భేష్. కానీ ఆమె ఒంటి కొలతలు ఏ ఆడమనిషికీ ఉండనివి. ప్రకటనల్లో ఆమె తెలివి కన్నా ఒళ్లే ముందు కనిపించేది. ఆ బొమ్మను గీసిన టోబీ గార్డ్ ఈ ప్రచారం తీరు నచ్చక 1997లో సంస్థ వదిలి వెళ్లిపోయాడు. ఆమెను మామూలు మనిషి ఒంటితో, అడవికి తగ్గ బట్టలతో, దెబ్బ తగిలితే నొప్పి తెలిసే యువతిగా మలచడానికి 2013 దాకా పట్టింది. ఆ కథ రాసిన రచయిత్రి రియానా ప్రాచెట్.

రెండో తలుపు బార్బీ ఫ్యాషన్ డిజైనర్. అదీ 1996లోనే వచ్చింది, బాగా అమ్ముడుపోయింది. కంప్యూటరులో గౌను గీసి, ప్రింటు తీసి, బొమ్మకు తొడగాలి. అందులో తప్పేమీ లేదు. కుట్టుపని కూడా విద్యే. కానీ దాని వెనక 'అమ్మాయిల గేమ్స్' పేరుతో ఓ వరద వచ్చింది. పెళ్లికూతురికి మేకప్, కేకు తయారీ, పాపాయికి స్నానం... మొత్తం గులాబీ రంగే.

అంటే తుపాకీ పట్టిన అమ్మాయి అబ్బాయిలు చూడటానికి. దువ్వెన పట్టిన అమ్మాయి అమ్మాయిలు ఆడటానికి. మధ్యలో మామూలు పిల్ల నిలబడే చోటేది?

ఒంగోలు చుట్టుపక్కల చూడండి. మిరప కోతలకు తెల్లారకముందే ట్రాక్టరెక్కేది ఆడవాళ్లు. పొగాకు గ్రేడింగులో ఆకు చూసి నాణ్యత చెప్పగలిగేది ఆడవాళ్లు. అలాంటి నేల మీద పుట్టిన పిల్లకు తెర చూపించేది మాత్రం కోటలో కూర్చుని ఎదురుచూసే రాజకుమారిని!

నెట్ సెంటర్ రోజులు

రెండువేల సంవత్సరం తర్వాత మన ఊళ్లలో వీధికో నెట్ సెంటర్ వెలిసింది. గంటకింత అని చెల్లించి, చెక్క గదుల్లో దూరి కుర్రాళ్లు ఆడిన ఆటలు ముఖ్యంగా రెండు. కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ. మొదటి దాంట్లో అప్పట్లో ఒక్క ఆడ పాత్రా లేదు. 2002లో వచ్చిన రెండో దాంట్లో ఉన్నారు, కానీ ఎలా? ఎక్కువమంది రోడ్డు మీద ఒళ్లమ్ముకునేవాళ్లు, క్లబ్బుల్లో నాట్యం చేసేవాళ్లు. ఆడేవాడు తలచుకుంటే వాళ్లను కొట్టి డబ్బు లాక్కోవచ్చు. పెద్దలకు మాత్రమే అని పెట్టె మీద రాసిన ఆ ఆటను పదో తరగతి పిల్లలు బెరుకు లేకుండా ఆడేవారు. వాళ్లు చదువుకుంటున్నారని ఇంట్లో అనుకునేవారు!

ఆ ఆటలు ఆడిన ప్రతి కుర్రాడూ చెడిపోయాడని అనడం లేదు. అలా అంటే అబద్ధమవుతుంది. చాలామంది బుద్ధిగా ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కానీ ఆడపిల్ల అనే మనిషితో మాట్లాడటం కూడా రాని వయసులో, ఆడదంటే కొనుక్కునేదో కొట్టదగ్గదో అన్నట్టు చూపించే వీధుల్లో గంటల తరబడి తిరిగారు. అది ఆటేనని ఎవరూ పక్కన కూర్చుని చెప్పలేదు.

ఆ వరసలో ఆరో భాగానికి తొలి ట్రైలర్ 2023 డిసెంబరులో వచ్చింది. అందులోని ఇద్దరు ముఖ్య పాత్రల్లో ఒకరు లూసియా అనే యువతి. కాలం కొంచెం కదిలిందనుకోవాలి.

మాటల్లోనూ మూడో వంతే

బొమ్మ సంగతి సరే. మాట? 2023లో గ్లాస్గో, కార్డిఫ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు దీన్నీ లెక్కపెట్టారు. కథ ప్రధానంగా సాగే 50 ఆటలు తీసుకున్నారు. 13 వేలకు పైగా పాత్రలు, 60 లక్షలకు పైగా మాటలు. తేలిందేమిటంటే మొత్తం సంభాషణల్లో ఆడ పాత్రల వాటా దాదాపు 35 శాతం. మగవాళ్లు దానికి రెట్టింపు మాట్లాడతారు. వంద ఆటల్లో 94 చొప్పున మగ మాటలే ఎక్కువ. ఆడవాళ్లు వాగుడుకాయలన్న జోకులు ఎన్ని విన్నాం! తెర మీద మాత్రం వాళ్లకు నోరే ఇవ్వలేదు.

మైకు ఆపేసిన అమ్మాయి

ఇక మా అక్క కూతురి దగ్గరికొద్దాం. పెద్దదైంది. ఇంజినీరింగులో చేరింది. మధ్యలో మన దేశంలో ఆటల ప్రపంచమే మారిపోయింది. 2018లో ఫోన్లలోకి పబ్‌జీ వచ్చింది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 2021 జులైలో బీజీఎంఐ పేరుతో మన దేశం కోసం వేరేగా వచ్చింది. ఈ ఆటల్లో ఓ మేలుంది. మొదట్లోనే అమ్మాయి బొమ్మను ఎంచుకోవచ్చు. నాణేలు కట్టక్కర్లేదు. బలంలో తేడా లేదు.

హమ్మయ్య, సమస్య తీరిందనుకున్నాను. ఓసారి సెలవులకొచ్చినప్పుడు అది ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. తెర మీద దాని పేరు చూస్తే మగపేరు. బొమ్మా మగబొమ్మే. మైకు ఆపేసి ఉంది.

''అదేంటే, ఇప్పుడు ఉచితమేగా?'' అన్నాను.

''మావయ్యా, గొంతు వినిపిస్తే చాలు. 'అమ్మాయిరోయ్' అని మొదలుపెడతారు. ఒకడు నంబరిమ్మంటాడు. ఒకడు వంటింట్లోకి పొమ్మంటాడు. ఓడిపోతే బూతులు. నా మానాన నేను ఆడుకోవాలంటే ఇదే దారి.''

తొమ్మిదేళ్లప్పుడు నాణేలు లేక అబ్బాయైంది. ఇరవై ఏళ్లు వచ్చేసరికి నాణేలతో పనిలేకపోయినా అబ్బాయిగానే ఉండిపోయింది. ఆటలో అమ్మాయి ఖరీదు తగ్గలేదు, చెల్లించే తీరు మారిందంతే.

ఈ బెడద మన దేశానిదే కాదు. ఆటల్లో స్త్రీలను చూపే తీరు మీద వీడియోలు చేస్తానని అనీటా సర్కీసియన్ అనే అమెరికా విమర్శకురాలు 2012లో 6 వేల డాలర్ల విరాళం అడిగింది. లక్షా యాభై ఎనిమిది వేలకు పైగా వచ్చాయి. దాంతోపాటే బెదిరింపులూ వచ్చాయి. 2014 అక్టోబరులో ఆమె యూటా రాష్ట్రంలో ఓ విశ్వవిద్యాలయంలో మాట్లాడాల్సి ఉండగా, వస్తే కాల్పులు జరుపుతామని లేఖ వచ్చింది. ఉపన్యాసం రద్దయింది. బొమ్మలు బాగాలేవన్నందుకు ప్రాణం తీస్తామన్నారు!

తయారుచేసే చేతులు

మరి ఆడవాళ్లకు ఈ రంగం కొత్తా? కానే కాదు. ఎయిర్ గన్ పేలినట్టు విమానం నదిమీద దూసుకుపోయే రివర్ రెయిడ్ ఆటను 1982లో ఒంటిచేత్తో రాసింది కరోల్ షా. బొమ్మలతో కథ నడిపే ఆటలకు 1980లో మిస్టరీ హౌస్‌తో బాట వేసింది రాబర్టా విలియమ్స్. తుపాకీతో చంపకుండా తెలివితో తలుపులు తెరుచుకునే పోర్టల్ (2007) రూపకర్తల బృందాన్ని నడిపింది కిమ్ స్విఫ్ట్. ఆ ఆటలో నాయిక కూడా స్త్రీయే.

అయినా ఆఫీసుల్లో పరిస్థితి అంత తేలిక కాదు. జీతాల్లో, పదోన్నతుల్లో వివక్ష చూపారని మహిళా ఉద్యోగులు వేసిన కేసులో 2021 డిసెంబరులో రయట్ గేమ్స్ సంస్థ 10 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఒంగోలు చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల నుంచి అమ్మాయిలు హైదరాబాద్, బెంగళూరు వెళ్లి కోడింగు చేస్తున్నారు. ఆటలు తయారుచేసే ఉద్యోగాలూ అక్కడున్నాయి. 'అది అబ్బాయిల పని' అని చిన్నప్పుడే అనిపించిన పిల్ల ఆ గది తలుపు ఎందుకు తడుతుంది? నష్టం ఒక్క ఆటతో ఆగదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మన కథ, మన నాయిక

మన దేశపు అమ్మాయిలు తెర మీద కనిపించిన సందర్భాలు ఉన్నాయి. 2016లో వచ్చిన ఓవర్‌వాచ్‌లో సిమెట్రా అసలు పేరు సత్య వాస్వానీ. హైదరాబాద్ పేదరికంలోంచి వచ్చి, కాంతితో కట్టడాలు కట్టే నేర్పరి. 2017లో అన్‌ఛార్టెడ్: ది లాస్ట్ లెగసీలో భారతీయ మూలాలున్న క్లోయి ఫ్రేజర్ మన పడమటి కనుమల్లో హొయసల శిథిలాల మధ్య తిరుగుతుంది. వెంట ఉండేదీ మరో స్త్రీయే. అన్నీ ఇలాగే ఉంటాయని కాదు. 2012లో స్మైట్ అనే ఆటలో కాళికాదేవిని అరకొర బట్టలతో చూపించడం మీద అమెరికాలోని హిందువులు అభ్యంతరం చెప్పారు. దేవతకే తప్పలేదు!

వీటన్నిటికన్నా మనకు దగ్గరిది రాజీ. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ చేసిన ఈ ఆట 2020లో వచ్చింది. రాజీ సర్కస్ పిల్ల. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముణ్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. దుర్గమ్మ ఇచ్చిన త్రిశూలం పట్టి పోరాడుతుంది. తీగ మీద నడిచిన ఒళ్లు కాబట్టి గోడలెక్కడం, గెంతడం ఆమెకు సహజంగా అబ్బింది. గమనించారా? ఈసారి బందీ అయింది తమ్ముడు, విడిపించేది అక్క.

మన దగ్గర కథలకు కరవా? పక్కనే పల్నాడు. కోడిపందెంతో మొదలై యుద్ధం దాకా పోయిన కథలో రాజ్యతంత్రం నడిపింది నాయకురాలు నాగమ్మ. ఆమెను మంచిదనొచ్చు, చెడ్డదనొచ్చు. కానీ ఎవరో వచ్చి విడిపిస్తారని కోటలో కూర్చున్న మనిషి మాత్రం కాదు. ఆమె ఎత్తులతో ఓ ఆట ఎవరైనా చేస్తే ఎంత బాగుంటుంది!

ఇంట్లో మనమేం చేయొచ్చు?

ఫోను లాక్కోవడం పరిష్కారం కాదు. లాక్కుంటే పక్కింటి ఫోనులో ఆడతారు. దానికన్నా ఈ పనులు చేసి చూడండి.

పక్కన పది నిమిషాలు కూర్చోండి. తిట్టడానికి కాదు, చూడటానికి. ఆటలో ఆడవాళ్లెందరు, వాళ్లేం పని చేస్తున్నారు, ఎన్ని మాటలు మాట్లాడుతున్నారు... పిల్లల చేతే లెక్క పెట్టించండి. అమెరికా పాప చేసింది అదే కదా.

ఆట ఎక్కించే ముందు ప్లేస్టోర్‌లో ఏ వయసు వారికో చూడండి. 18 అని ఉంటే అది అలంకారానికి వేసిన అంకె కాదు.

అమ్మాయికి కేకు ఆట, అబ్బాయికి కారు ఆట అని మీరే పంచకండి. తమ్ముడు వంట ఆట ఆడితే నవ్వకండి. అక్క కారు నడిపితే ఆశ్చర్యపోకండి.

అన్నిటికన్నా ముఖ్యం, మగపిల్లలతో మాట్లాడండి. ఆటలో అవతల అమ్మాయి గొంతు వినిపిస్తే ఎలా మాట్లాడుతున్నాడో ఓ చెవి వేయండి. మైకు ఆపుకోవాల్సింది మన అమ్మాయి కాదు, నోరు అదుపులో పెట్టుకోవాల్సింది మన అబ్బాయి.

ఈ వ్యాసం రాస్తున్నానని మా అక్క కూతురికి చెప్పాను. ''రాయి మావయ్యా, కానీ నా పేరు పెట్టకు'' అంది. ఆటలోలాగే ఇక్కడా పేరు లేకుండానే ఉంది. పేరు పెట్టుకుని, గొంతు విప్పి ఆడుకునే రోజు దాని తర్వాత పుట్టిన పిల్లలకైనా రావాలి.

ఈ ఆదివారం మీ ఇంట్లో పిల్లలు ఫోను పట్టుకుని కూర్చుంటే, మా అమ్మ ఆనాడు మిరపకాయలు వలుస్తూ అడిగిన ప్రశ్నే మీరూ అడగండి. అందులో పరుగెడుతున్నది ఎవరు?

''నేనే'' అని మీ అమ్మాయి చెప్పినప్పుడు, తెర మీద కూడా అమ్మాయే ఉందేమో చూడండి.